నీగాటా సాకే నీళ్లలా పల్చగా అనిపిస్తోంది: సీసా పాడైందా, తాగే పద్ధతిలో తప్పా?

ప్రశ్న

జపాన్‌లో నీగాటా వైపు ఒక చిన్న బ్రూవరీ వాళ్ల సాకే (బియ్యం పులియబెట్టి చేసే మద్యం), 720 మి.లీ. సీసా. రకం జున్మయ్ గింజో, అంటే విడిగా ఆల్కహాల్ కలపకుండా, బాగా పాలిష్ పట్టిన బియ్యంతో చేసినది. లేబుల్ మీద బియ్యం పాలిష్ 55 శాతం, నిహొన్‌షుదో +5, ఆమ్లత 1.3 అని ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చిన్న కప్పులో పోస్తే వాసన లేదు, రుచీ పల్చన. లోపం ఎక్కడుందంటారు? ఆ అంకెలకు అర్థం ఏమిటండీ?

జవాబు 1

మీరు చెప్పినదాన్ని బట్టి సీసా పాడైనట్టు లేదండీ. అయిదు డిగ్రీల చలిలో గింజో వాసన పైకి లేవదు. పైగా నీగాటా శైలే తేలిక. తాన్‌రేయ్ కరకుచి అంటారు, అంటే తేలికగా, తీపి తక్కువగా ఉండేది. అక్కడి నీళ్లలో ఖనిజాలు తక్కువ, పులియడం నిదానం. అక్కడ ఎక్కువగా వాడే గొహ్యకుమన్‌గొకు బియ్యం గట్టిది, త్వరగా కరగదు కాబట్టి రుచి చిక్కబడదు. నీగాటా ధాన్యం 50 లక్షల కొకులు (కొకు అంటే జపాన్ పాత ధాన్యం కొలత) దాటిందని 1957లో ఆ వంగడానికి పెట్టిన పేరు అది. మన మిల్లుల్లో పొట్ట తెలుపు ఉన్న గింజకు ధర తగ్గిస్తారు. సాకేకి మాత్రం గింజ నడుమ తెలుపే కావాలి, బియ్యంలో పిండిని చక్కెరగా మార్చే కోజి బూజు అందులోకి సులువుగా పాకుతుంది. ఈ రకంలో ఆ తెలుపు మరీ పెద్దది, 50 శాతం కంటే కిందకి అరగదీస్తే గింజ చిట్లుతుంది.

చిన్న వైన్ గ్లాసులో 50 మి.లీ. పోసి పది నిమిషాలు ఆగండి, 10-15 డిగ్రీలకు రావాలి. ముందు గ్లాసు తిప్పకుండా వాసన చూడండి. తర్వాత ఒక చెంచాడు నోట్లోకి తీసుకుని నాలుకంతా పరిచి, కొంచెం గాలి లోపలికి పీల్చి ముక్కులోంచి వదలండి. యాపిల్, అరటిపండు వాసనలు అప్పుడే తెలుస్తాయి. మింగాక రుచి ఎంత శుభ్రంగా తెగిపోతుందో చూడండి, దాన్ని కిరె అంటారు. నీగాటా గొప్పతనమంతా నా దృష్టిలో అక్కడే ఉంది. పక్కన మంచినీళ్లు తప్పనిసరి.

జవాబు 2

అంకెల సంగతి. పాలిష్ 55 అంటే గింజలో 55 శాతం మిగిలింది, 45 శాతం తవుడుగా, పిండిగా పోయింది. గింజోకి 60 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. నిహొన్‌షుదో సాంద్రత కొలత: నీరు సున్నా, చక్కెర ఎక్కువైతే మైనస్, తక్కువైతే ప్లస్. కానీ +5 చూసి తీపి తేల్చేయకండి. అదే +5కి ఆమ్లత 1.8 ఉంటే ఇంకా ఘాటుగా తోస్తుంది.

జవాబు 3

పై సూచనకు తోడు, 40 డిగ్రీల దగ్గర కూడా చూడండి. నీళ్లు మరిగించి పొయ్యి కట్టేసి, 180 మి.లీ. పింగాణీ తొక్కురిని (సాకే పోసే సన్నమెడ కూజా) మెడ వరకు ముంచి రెండు మూడు నిమిషాలు ఉంచండి. థర్మామీటర్ పెట్టుకుంటే మేలు. 45 దాటితే పండ్ల వాసన ఎగిరిపోయి ఆల్కహాల్ ఘాటు మిగులుతుంది. మైక్రోవేవ్‌లో పైన మరిగి అడుగున చల్లగా ఉంటుంది.

నిజంగా పాడైతే గుర్తులు వేరు. ఊరబెట్టిన ముల్లంగి వాసన వస్తే వేడిలో నిలవుండి ముదిరినట్టు. కాలిన వాసనైతే వెలుతురు తగిలినట్టు. నిగొరి (కావాలనే మసకగా ఉంచే రకం) కాని సాకే మసకబారి పులిసిందంటే బాక్టీరియా చేరింది. లేత పసుపు రంగు మాత్రం లోపం కాదు, బొగ్గుతో ఎక్కువ వడకట్టకపోతే అలాగే ఉంటుంది. తెరిచాక సీసాను ఫ్రిజ్‌లో నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే గాలి తగిలే మేర పెరుగుతుంది. వారం పది రోజుల్లో ముగించండి. లేబుల్ మీద నామ అని ఉంటే వేడి చేసి శుద్ధి చేయనిది. అది ఇంకా ముందే అయిపోవాలి.