డ్రిఫ్ట్‌వుడ్‌లో సక్యులెంట్స్: చెక్కలోనే నాటాలా, కుండీ దాచిపెట్టాలా?

మిద్దెతోట_నాగోల్
అందరికీ నమస్కారం. సూర్యలంక బీచ్ నుంచి మా చుట్టాలు తెచ్చిన డ్రిఫ్ట్‌వుడ్ (నీళ్లలో కొట్టుకొచ్చిన చెక్క) మొద్దు ఒకటి ఉంది. మూరెడు పొడవు, మధ్యలో సహజంగా ఏర్పడ్డ గుంట. అందులో మట్టి నింపి ఎచెవేరియా, సెడమ్, జేడ్ లాంటి సక్యులెంట్స్ (దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలు) నాటి హాల్లో టీపాయ్ మీద పెట్టాలని నా కోరిక. అలా నాటితే చెక్కా పోతుంది, మొక్కా పోతుంది అని మా తమ్ముడి వాదన. మీరేమంటారు?

ముళ్లూ_ఆకులూ
మీ తమ్ముడి మాటే నిజమండి. ఈ మొక్కలు పగటి ఎండలో ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి కాబట్టి నీళ్లు చాలా తక్కువ తాగుతాయి. గుంటలో మిగిలిన నీళ్లు పోయే దారి లేక వేళ్ల దగ్గరే నిలుస్తాయి. పైగా చెక్క కూడా తడి పీల్చి పట్టుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో మన హైదరాబాద్‌లో రోజుల తరబడి మబ్బు పట్టినప్పుడు ఆ తడి ఆరదు. ముందు కింది ఆకులు గాజులా పారదర్శకంగా మారతాయి, వేలు తగిలితే చాలు రాలిపోతాయి. అప్పటికే కాండం లోపల నల్లబడి ఉంటుంది.

అడుగున గులకరాళ్లు పోస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు, దయచేసి నమ్మకండి. సన్న మట్టి తడిని తనలోనే పట్టి ఉంచుతుంది, పూర్తిగా నానేదాకా రాళ్లలోకి వదలదు. చిన్న మట్టి కుండీలో నాటి, దాన్ని గుంటలో కూర్చోబెట్టి అంచుల్ని నాచుతో కప్పండి. నీళ్లు పోయాలంటే కుండీ బయటికి తీసి పోసి, కారిపోయాక మళ్లీ పెట్టేయొచ్చు.

చేవచెక్క_ఉప్పల్
కుండీ దాచిపెడితే అది అలంకరణ అవుతుంది గానీ, మొక్క చెక్కలోంచే పుట్టినట్టుండే అందం ఎక్కడిది? ఆ అందం కోసమే కదా ఇంత తాపత్రయం. చెక్కలో నాటడం కుదురుతుంది, కాకపోతే చెక్కను చూసి ఎంచుకోవాలి. గోటితో గట్టిగా నొక్కండి. గోరు దిగితే అది పుచ్చు, పక్కన పెట్టేయండి. చాలాకాలం నీళ్లలో నాని, ఎండి వచ్చిన మంచి మొద్దులో మెత్తటి భాగం కొట్టుకుపోయి చేవే మిగులుతుంది. దానికి గుంట అడుగున డ్రిల్‌తో వేలు పట్టేంత రంధ్రాలు మూడు నాలుగు పెట్టండి. కింద చిన్న కాళ్లు బిగిస్తే గాలి ఆడుతుంది. మట్టి పాలు తగ్గించి పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), ముతక ఇసుక ఎక్కువ కలపండి. చెదల భయముంటే నేల మీద పెట్టకండి.

చేపలతొట్టి_మల్కాజిగిరి
మీరిద్దరూ ఉప్పు సంగతే ఎత్తలేదు! అది సముద్రం నుంచి వచ్చిన చెక్క. నాటే ముందు బకెట్ మంచినీళ్లలో ముంచి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఆర్ఓ నీళ్లకు వాడే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపేది) చాలా ఇళ్లలో ఉంటుంది. కొత్తగా నింపిన నీళ్లకూ, చెక్క నానిన నీళ్లకూ రీడింగ్‌లో పెద్దగా తేడా లేకపోతే ఉప్పు దాదాపు పోయినట్టే. దానికి వారాలు పట్టొచ్చు, తొందరపడకండి. నీళ్లు టీ రంగులోకి వస్తే కంగారొద్దు, అది చెక్కలోని టానిన్.

ముళ్లూ_ఆకులూ
ఉప్పు విషయం చాలా ముఖ్యమండి, గుర్తు చేసినందుకు థాంక్స్. ఉప్పల్ అన్నా, రంధ్రాలు పెడితే నీళ్లు కారతాయి, ఒప్పుకుంటాను. కానీ టీపాయ్ మీద కారితే? కింద పళ్లెం పెడితే మీరు చెప్పిన అందం పోతుంది. పెట్టకపోతే బల్ల పాడవుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇక హాల్లో వెలుతురు. మెక్సికో కొండల నుంచి వచ్చిన ఎచెవేరియా మంచి వెలుగూ, చల్లటి రాత్రులూ కోరుకుంటుంది. నీడలో మెడ సాగదీసి పాలిపోతుంది. టీపాయ్ మీద ఏదో ఒకటి పెట్టాలనుకుంటే దక్షిణాఫ్రికా హవోర్తియా కొంత ఓర్చుకుంటుంది, దానికీ కిటికీ దగ్గరుండాలి.

చేవచెక్క_ఉప్పల్
కారే మాట నిజమే అక్కా. అందుకే నేను గుంట కన్నా మొద్దు పైభాగమే వాడమంటాను. ఏటవాలు చోట స్పాగ్నమ్ నాచు పలచగా కట్టి, కోసి నాలుగైదు రోజులు ఆరబెట్టిన కొమ్మల్ని అందులో గుచ్చాలి. నీళ్లు పోయనక్కర్లేదు, నాచు ఆరాక స్ప్రే చేస్తే చాలు. చుట్టూ గాలి తగులుతుంది కాబట్టి కుళ్లే అవకాశం బాగా తగ్గుతుంది. సెడమ్, గ్రాప్టోపెటలం ఇలా చక్కగా వేళ్లు పడతాయి.

ముళ్లూ_ఆకులూ
ఈ పద్ధతికి నాకూ అభ్యంతరం లేదు, వర్షం పడని వరండా అయితే. గుంటలో మట్టి నింపడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. జేడ్ లాంటి బరువైన మొక్కకు ఆ పలచటి నాచు పట్టు చాలదు, దానికి కుండీయే గతి.

మిద్దెతోట_నాగోల్
అందరికీ ధన్యవాదాలు. మొద్దును ఈ రోజే బకెట్‌లో ముంచాను. గుంటలో జేడ్ కుండీ, పైన ఏటవాలుగా సెడమ్ పెట్టి, తూర్పు వరండాలో ఉంచుదామనుకుంటున్నాను. ఎచెవేరియా ఇప్పుడున్న కుండీలోనే ఉంటుంది. ఉప్పల్ గారూ, నాచు కట్టడానికి చేపల గాలపు దారం పనికొస్తుందా, రాగి తీగ వాడమంటారా?

చేవచెక్క_ఉప్పల్
గాలపు దారమే వాడండి. కనబడదు, తుప్పు పట్టదు. మరీ బిగించి కట్టొద్దు.