రీబూట్ తర్వాత టేప్ డ్రైవ్‌లు తారుమారు: బాక్యులాలో ఏ డివైస్ ఫైల్ పెట్టాలి?

ప్రశ్న:
లినక్స్ సర్వర్, రెండు ఎల్‌టీఓ (ఒక రకం టేపు) డ్రైవ్‌లున్న టేప్ లైబ్రరీ (టేపుల్ని రోబోతో మార్చే పెట్టె), బ్యాకప్‌కి బాక్యులా. ఆర్కైవ్ డివైస్ (డ్రైవ్ ఏదో చెప్పే కాన్ఫిగ్ లైను) కింద /డెవ్/ఎస్‌టీ0, /డెవ్/ఎస్‌టీ1 ఇచ్చి ఉన్నాయి. రీబూట్ అయ్యాక రోబో ఒక డ్రైవ్‌లో టేపు పెడుతుంటే బాక్యులా ఇంకో డ్రైవ్‌లో వెతుకుతోంది. పైగా విడిగా టార్‌తో (ఫైళ్లను టేపు మీద రాసే కమాండ్) టెస్ట్ చేస్తే, రెండోసారి రాసింది మొదటిదాన్ని చెరిపేస్తోంది. డ్రైవ్ పాడైందంటారా?

జవాబు 1:
డ్రైవ్‌కేం కాలేదండీ, రెండూ డివైస్ ఫైల్ గొడవలే. ఎస్‌టీ0ని మూయగానే డ్రైవర్ టేపును మొదటికి చుట్టేస్తుంది, అందుకే రెండో టార్ మొదటిదాని మీద పడింది. అదే డ్రైవ్‌కి ఎన్‌ఎస్‌టీ0 అని ఇంకో పేరుంది, దాంతో తెరిస్తే టేపు ఆగినచోటే ఉంటుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి ఎప్పుడూ ఇదే ఇవ్వాలి. ఎస్‌టీ పేరుతో రాసిన పాత టేపుల్ని రీస్టోర్ చేసి చూడనిదే నమ్మకండి.

ఇక 0, 1 అంటే కెర్నల్‌కి డ్రైవ్‌లు కనబడిన వరుస, అంతే. రీబూట్‌కి మారొచ్చు. /డెవ్/టేప్/బై-ఐడీ కింద మారని లింకులుంటాయి, వాటిలో చివర '-ఎన్‌ఎస్‌టీ' ఉన్నవి తీసుకోండి. ఛేంజర్ (టేపులు మార్చే రోబో) ఎస్‌జీ నంబరూ ఇలాగే మారుతుంది. 'ఎల్‌ఎస్‌స్కసీ -జీ' కొడితే 'మీడియంఎక్స్' అని ఉన్న లైను చివర కనబడేది అదే.

ఏ లింకు ఏ డ్రైవో ఊహించొద్దు. స్టోరేజ్ డెమన్ (టేపు మీద రాసే బాక్యులా సర్వీసు) ఆపి, డ్రైవ్‌లు రెండూ ఖాళీ చేసి, 'ఎంటీఎక్స్ -ఎఫ్ /డెవ్/ఎస్‌జీ3 లోడ్ 1 0' ఇవ్వండి (ఎస్‌జీ3 బదులు మీ నంబరు). ఒకటో స్లాట్ టేపు డ్రైవ్ 0లోకి వెళ్తుంది. తర్వాత రెండు లింకుల మీదా 'ఎంటీ స్టేటస్' చూడండి. 'ఆన్‌లైన్' అన్న లింకుకి బాక్యులా కాన్ఫిగ్‌లో డ్రైవ్ ఇండెక్స్ = 0, 'డీఆర్_ఓపెన్' (టేపు లేదు) అన్నదానికి 1.

జవాబు 2:
పైదానికి ఒక చేర్పు. ఫైబర్ ఛానల్‌లో రెండు దారులుంటే ఒకే డ్రైవ్ ఎన్‌ఎస్‌టీ0గా, ఎన్‌ఎస్‌టీ2గా రెండుసార్లు కనబడుతుంది. సీరియల్ నంబరు పోల్చి ఒక్కటే కాన్ఫిగర్ చేయండి, లేదంటే రెండు జాబ్‌లు ఒకే డ్రైవ్ కోసం కొట్టుకుంటాయి. డ్రైవ్ మార్పించినప్పుడు బై-ఐడీ లింకు కూడా మారొచ్చు, కాన్ఫిగ్ సరిచూసుకోండి.

రూట్‌గా బీటేప్ (బాక్యులాతో వచ్చే టేపు పరీక్ష ప్రోగ్రామ్) పనిచేసి డెమన్ మాత్రం 'పర్మిషన్ డినైడ్' అంటే, బాక్యులా యూజర్‌ని 'టేప్' గ్రూపులో చేర్చి డెమన్ రీస్టార్ట్ చేయాలి.

జవాబు 3:
లినక్స్ కాని సర్వర్లున్నవాళ్ల కోసం: సొలారిస్‌లో /డెవ్/ఆర్‌ఎంటీ/0సీబీఎన్ (సీ కంప్రెషన్, బీ బీఎస్‌డీ పద్ధతి, ఎన్ వెనక్కి చుట్టొద్దని). ఏఐఎక్స్‌లో /డెవ్/ఆర్‌ఎంటీ0.1. అక్కడ చుక్క తర్వాతి అంకె మరిచి ఉత్త ఆర్‌ఎంటీ0 ఇస్తే టేపు వెనక్కి చుట్టుకుంటుంది. ఏఐఎక్స్‌లో బ్లాక్ సైజు కూడా చూడండి. ఫిక్స్‌డ్‌గా ఉండి సాఫ్ట్‌వేర్ రాసే బ్లాకుతో కుదరకపోతే ఐఓ ఎర్రర్ వస్తుంది. 'సీహెచ్‌డెవ్ -ఎల్ ఆర్‌ఎంటీ0 -ఏ బ్లాక్_సైజ్=0' ఇస్తే వేరియబుల్ అవుతుంది. లినక్స్‌లో దీనికి 'ఎంటీ సెట్‌బీఎల్‌కే 0'.

ఏ సిస్టమైనా సరే, పేర్లు మార్చాక పనికిరాని టేపు ఒకటి పెట్టి బీటేప్‌లో 'టెస్ట్' నడపండి. అది టేపు మీదున్నదాన్ని చెరిపేస్తుంది, జాగ్రత్త.