డ్రైవరు నిర్దోషి అన్నారు, నష్టపరిహారం కూడా ఇమ్మన్నారు. మరి నిజం ఏది?

తెనాలి_కుర్రాడు:
మా బాబాయి బైకు మీద వస్తుంటే లారీ గుద్ది చనిపోయారు. క్రిమినల్ కోర్టు డ్రైవరును నిర్దోషి అని వదిలేసింది. అదే ప్రమాదానికి క్లెయిమ్ ట్రిబ్యునల్ మాత్రం డ్రైవరు నిర్లక్ష్యమే కారణమని చెప్పి పిన్నికి నష్టపరిహారం ఇప్పించింది. మా ఫ్రెండు ఏమంటాడంటే, నిజం అనేది ఒకటంటూ ఉండదట, చూసేవాళ్లను బట్టి మారుతుందట. నాకు మింగుడు పడటం లేదు. బాబాయి ఎలా పోయారన్నదానికి ఒకటే జవాబు ఉండాలి కదా?

రాజమండ్రి_వకీలు:
తమ్ముడూ, మీ బాబాయి గారి సంగతి చదివి బాధేసింది. నేను ఎక్కువగా యాక్సిడెంటు కేసులే చూస్తాను. మీరన్నదే నా మాట కూడా. ఆ రోడ్డు మీద జరిగింది ఒక్కటే. డ్రైవరు బ్రేకు ఎక్కడ తొక్కాడన్నది ఏ జడ్జి నమ్మినా, నమ్మకపోయినా మారదు. దాని గురించి మనం ఎంత గట్టిగా చెప్పగలమన్నదే మారుతుంది.

1872 నాటి సాక్ష్య చట్టంలో సెక్షన్ 3 చూడండి. ఒక విషయం రుజువైందనాలంటే కోర్టు దాన్ని నమ్మాలి, లేదా వివేకం ఉన్న మనిషి అది జరిగిందనే అనుకుని నడుచుకునేంతగా అందుకు అవకాశం కనపడాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఇంతే. పైగా రుజువైంది, జరగలేదని తేలింది అనే రెండే కాకుండా, రుజువు కాలేదు అనేది మూడోది ఉంది. నిర్దోషి అని వదిలేసిన కేసులు చాలావరకు ఈ మూడో దాంట్లోకే వస్తాయి. మనిషిని జైలుకు పంపాలంటే సహేతుకమైన అనుమానం మిగలకూడదు. ట్రిబ్యునల్లో మొగ్గు ఎటు ఎక్కువుందో తేలితే చాలు.

ఒక కేసు చెప్తాను. టీకొట్టు ఆయన లారీయే మీదికొచ్చిందన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావిడ బైకే అడ్డం వచ్చిందంది. ఇద్దరూ అబద్ధాలాడే మనుషులు కారు. పంచనామా స్కెచ్ ముందుపెట్టి అడిగితే తెలిసింది, టీకొట్టు దగ్గర్నుంచి చూస్తే ఆగి ఉన్న ట్రాక్టరు అడ్డమని, బైకు రోడ్డెక్కిన చోటు కనపడదని. ఆవిడ చూసింది చివరి క్షణమే. లారీ టైరు గుర్తులు మాత్రం రోడ్డు నడిమి గీత దాటి, ఎదురుగా వచ్చే బళ్ల వైపు మొదలయ్యాయి. ఎవరి నిజం వాళ్లదే అనుకుంటే ఆ ఇద్దరినీ నేను క్రాస్ చేయడానికే (కోర్టులో ఎదురు ప్రశ్నలు వేయడానికే) ఏమీ ఉండదు.

విశాఖ_స్టాటిస్టిక్స్:
మా సబ్జెక్టులోనూ ఇంతేనండీ. అసలు విలువ వేరు, దానికి మనం వేసే అంచనా వేరు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు గారు 1945లో ఒక హద్దు చూపించారు: ఉన్న డేటాతో నిష్పాక్షికమైన అంచనా ఎంత బాగా వేసినా, అందులోని అనిశ్చితి ఆ హద్దు కంటే తగ్గదు. ఆ హద్దు ఎంతో లెక్కగట్టొచ్చు కూడా.

అయితే మీ ఫ్రెండు మాటను పూర్తిగా కొట్టేయకండి. ఒకే సాక్ష్యం విన్నా, మొదట్లో ఎవరెంత నమ్మకంతో ఉన్నారన్నదాన్ని బట్టి ఇద్దరు వేరువేరు చోట్ల తేలొచ్చు. సాక్ష్యం పెరిగేకొద్దీ సాధారణంగా ఆ తేడా తగ్గుతుంది. సాక్ష్యం పలచగా ఉన్న కేసుల్లో మిగిలిపోతుంది. నాకు అసలు భయం అక్కడే.

కరీంనగర్_పాఠకుడు:
మేడమ్, జైనుల స్యాద్వాదం కూడా ఒక విధంగా ఉంది, ఒక విధంగా లేదు అంటుంది కదా? అది ఆ ఫ్రెండు వాదన లాంటిదే అనిపిస్తోంది.

విశాఖ_స్టాటిస్టిక్స్:
నాకలా అనిపించదండీ. ఏ కోణం నుంచి చూసి అంటున్నావో చెప్పి మరీ అనమంటుంది స్యాద్వాదం. నచ్చినట్టు అనుకోమనదు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ గారు 1950ల్లో స్టాటిస్టిక్స్ పునాదుల గురించి రాస్తూ దీన్ని ప్రస్తావించారు.

తెనాలి_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అండీ. ఇన్సూరెన్సు వాళ్లు క్రిమినల్ తీర్పు చూపించి అప్పీలుకు వెళ్తారట. పిన్నికి ఒకటే టెన్షన్.

రాజమండ్రి_వకీలు:
ఆ తీర్పు ఉన్నంత మాత్రాన ట్రిబ్యునల్ తీర్పు పడిపోదని పిన్ని గారికి చెప్పండి. ముందు క్రిమినల్ తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, కేసు ఎందుకు కొట్టేశారో చదవండి. సాక్షులు అడ్డం తిరిగినందుకా, డ్రైవరు ఎవరో గుర్తుపట్టలేకపోయినందుకా అన్నది ముఖ్యం. స్కెచ్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు ట్రిబ్యునల్లో ఎగ్జిబిట్లుగా, అంటే సాక్ష్యపు కాగితాలుగా మార్కయ్యాయో లేదో మీ వకీలు గారిని ఈ వారమే అడగండి.