తెపనెకలు: రాతి మీది వాళ్ళా, గోడ వాళ్ళా?

ఆకురాయి: రెండు రోజులుగా ఒక పాటలోని పాదం మనసును పీకుతోంది. "ఎల్లకాలం కాదు ఈ నేల మీద, ఇక్కడ కాసేపే." పాతకాలపు మెక్సికో రాజకవి నెసవాల్‌కోయోత్ల్ పేరు మీద చెప్పుకునే పాట, అజ్టెక్‌ల భాష నవాత్ల్‌లో. మూలంలో ఆ "మీద" పాన్ కదా? స్పెయిన్ వాళ్ళు రాకముందు మెక్సికో లోయలో ఏలిన తెపనెకల పేరులోనూ అదే పాన్. తె రాయి, పాన్ మీద. రాతినేల వాళ్ళు. ఒప్పేనా?

గోరింట: పాటలో పాన్ లేదండీ, "త్లాల్‌తిక్‌పాక్". ఇక్‌పాక్ అంటే పైన, నెత్తిన. ఇక తెపనెక అంటారా, తెపాంత్లి అంటే గోడ. గోడ వాళ్ళు ఎందుకు కాకూడదు?

పాతసంచి: అజ్టెక్‌ల వలస కథ చెప్పే బొతురిని బొమ్మల పట్టీ చూడలేదా? వలస బయల్దేరిన ఎనిమిది జట్లలో తెపనెకల గుర్తు రాయి. గోడ కాదు.

గోరింట: మాస్టారూ, "తె" అనే శబ్దం పలికించడానికి రాయి గీసి ఉండొచ్చుగా! బొమ్మలిపిలో అది మామూలే.

నూనెదీపం: మీరిద్దరూ "క్" మింగేశారు. తెక్‌పాన్, దొరగారి లోగిలి. తెపనెక రాజు తెసొసొమొక్ కాలంలో, లోయలోని సరస్సు పడమటి ఒడ్డున వాళ్ళ రాజధాని అస్కపొత్సాల్కోది ఎదురులేని పెత్తనం. 1325లో తెనొచ్‌తిత్లాన్ (ఇప్పటి మెక్సికో నగరం) కట్టుకున్న మెషీకాలు, అంటే అజ్టెక్‌లు, కప్పం కట్టింది వీళ్ళకే. అంతటి వాళ్ళకి రాళ్ళ పేరా?

పాతసంచి: వాళ్ళ రాజధాని అస్కపొత్సాల్కో పేరుకి అర్థమే "చీమలపుట్ట దగ్గర". ఇప్పటికీ అక్కడి మెట్రో స్టేషన్ గుర్తు చీమ. పుట్టకి లేని నామోషీ రాయికెందుకు? పైగా పాన్‌తో ముగిసే ఊరివాడు -పనెకత్ల్ అవుతాడు. త్లాకోపాన్ వాడు త్లాకోపనెకత్ల్. తెపాన్ వాడు తెపనెకత్ల్. అయిపోయింది.

గోరింట: అయిపోలేదు. ఆ త్లాకోపాన్‌లో త్లాకో అంటే కర్రా, మధ్యా? "మధ్య" అనే అర్థమున్న మాటలో గొంతు నొక్కు ఉంది, స్పానిష్ రాతలో మామూలుగా అది కనబడదు. 1645లో కరోచి నవాత్ల్ వ్యాకరణం రాస్తూ నొక్కులూ దీర్ఘాలూ గుర్తుపెట్టాడు కాబట్టి బతికిపోయాం. తెపాంత్లిలో "పా" దీర్ఘం. తెపనెకలో "ప" దీర్ఘమో హ్రస్వమో తేల్చకుండా తీర్పులేంటండీ?

పాతసంచి: ఆకురాయి గారూ, మీ కవిగారి తండ్రి ఇష్త్లిల్‌షోచిత్ల్‌ని 1418లో చంపించింది ఈ తెసొసొమొకే. చెట్టెక్కి దాక్కున్న కొడుకు అది కళ్ళారా చూశాడని చరిత్రకారులు రాశారు. ఆ కొడుకే మీ కవి, ఊరు సరస్సు తూర్పు ఒడ్డున తెష్‌కోకో. పదేళ్ళకి, 1428లో, మెషీకాలతో కలిసి అస్కపొత్సాల్కోని పడగొట్టాడు. త్లాకోపాన్ తెపనెకల ఊరే అయినా ఆ తర్వాత మెషీకాలు, తెష్‌కోకోల కూటమిలో మూడో వాటాదారు అయింది. నాకెప్పుడూ ఆ ఊరి మీదే అనుమానం.

ఆకురాయి: అందుకే ఆ పాట నన్ను వదలట్లేదు. జేడ్ అయినా చిట్లుతుంది, బంగారమైనా విరుగుతుంది అంటాడు. తెలుగు చేస్తున్నాను. పాటలో జేడ్‌కి ఉన్న మాట చల్‌చివిత్ల్, దానికి "మరకతం" పెట్టనా?

గోరింట: వద్దండీ, మరకతం నగల కొట్టు మాట. పచ్చరాయి అనండి.

పాతసంచి: చూశారా, రాయి!

నూనెదీపం: తెక్‌పాన్‌కి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.