వాపు తగ్గాక ఆడితే మళ్లీ అదే మోకాలు వాస్తోంది. షటిల్ మానేయాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టర్ని, పాలకొండ రూటు, పల్లెవెలుగు డ్యూటీ. డ్యూటీ దిగాక సాయంత్రం ఇండోర్ కోర్టులో షటిల్ ఆడతాను. రోజంతా జనంలో నలిగి వచ్చాక ఆ గంటే నాకు ఊపిరి.

కిందటేడాది వెనక్కి వెళ్లి స్మాష్ కొట్టి దిగినప్పుడు ఎడమ మోకాలు మెలితిరిగింది. ఆట అయితే పూర్తయింది గాని తెల్లారేసరికి మోకాలు బూరెలా పొంగింది. అప్పట్నుంచి ఇదే వరస. విశ్రాంతి తీసుకుంటే వాపు పోతుంది, నొప్పీ పోతుంది. కోర్టుకెళ్లి నెట్ దగ్గర డ్రాప్ అందుకోడానికి కాలు చాచి వంగితే మర్నాటికి మళ్లీ వాపు.

ఎమ్మారై తీయించాను. ఏసీఎల్ (మోకాలిని లోపల పట్టి ఉంచే లిగమెంటు) బాగానే ఉందట, లోపలివైపు మెనిస్కస్‌లో (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ‘గ్రేడ్ 2’ అని రాశారు. ఆపరేషన్ అక్కర్లేదు, కొన్నాళ్లు ఆట ఆపమన్నారు డాక్టరుగారు. ఎన్నాళ్లు, ఆ తర్వాత ఏం చేయాలి అన్నది తేలలేదు. ఇంట్లో “ఈ వయసులో ఆటలేటి?” అంటున్నారు. అమ్మ నాటు కట్టు వేయించుకోమంటోంది. మోకాలు లాక్ అవడం, ఉన్నట్టుండి పట్టు తప్పడం లేవు. బస్సు మెట్లు దిగేటప్పుడు మాత్రం చిప్ప కింద పోటు వస్తుంది. ఆట వదలకుండా దీన్ని అదుపులో పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్ పీఈటీ (బొబ్బిలి)

బాబూ, ముందు ఆ రిపోర్టు భయం తీసేయ్. మెనిస్కస్‌లో గ్రేడ్ 1, 2 అంటే లోపల వచ్చిన మార్పు, అంచు దాకా రాలేదని. అంచుని తాకితే గ్రేడ్ 3, చిరుగు అంటే అది. నలభై దగ్గరపడ్డవాళ్లలో ఏ నొప్పీ లేని మోకాళ్లలో కూడా గ్రేడ్ 2 కనిపిస్తుంది.

ఇప్పుడు టైలరు టేపు తీసుకో. కాళ్లు చాపి పడుకుని, చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తుపెట్టి, అక్కడ రెండు తొడల చుట్టుకొలత చూడు. ఎడమది సన్నబడి ఉంటుందనుకుంటున్నాను. మోకాల్లో నీరు చేరితే తొడ ముందు కండరానికి నరాల నుంచి అందే ఆదేశం తగ్గిపోతుంది, కండరం పూర్తిగా బిగుసుకోదు. దాని మీద విశ్రాంతి. వాపు పోయేసరికి కండ కూడా పోతుంది. నువ్వు వాపు చూసి కోర్టుకెళ్తున్నావు, తొడని చూడట్లేదు. ఎగిరి దిగినప్పుడు ఆ దెబ్బ తొడ కాయాలి. అది కాయకపోతే మోకాలే మోస్తుంది, మళ్లీ నీరు చేరుతుంది. విశ్రాంతితోనే తగ్గేదైతే నీకు ఈపాటికి తగ్గిపోయేది.

వాపు ఉన్నన్నాళ్లూ మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందకి నొక్కుతూ తొడ బిగించు. తర్వాత కాలు చాపి పైకెత్తడం, గోడకి వీపు ఆనించి సగం కూర్చోవడం. అవి తేలికయ్యాక ఒక మెట్టు మీద ఆ ఒక్క కాలితో ఎక్కి, నెమ్మదిగా దిగడం. దిగడమే అసలు మందు, ఎందుకంటే నీకు పోటు వచ్చేది అక్కడే. ఆపైన కిటికీ ఊచ పట్టుకుని గుంజీలు, చివరికి బరువుతో. వారానికి మూడు రోజులు, మధ్యలో రోజు విడిచి. కండ పెరగడానికి కనీసం రెండు మూడు నెలలు పడుతుంది, తొందరపడకు. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున్న వాపు పెరిగితే ముందురోజు ఎక్కువైందని లెక్క.

బరువులెత్తితే మోకాళ్లు అరిగిపోతాయని ఎవరో ఒకరు అంటారు. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. మా విజయనగరం దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు బరువులెత్తే పెరుగుతున్నారు. మనమే ఆ మాట నమ్మితే ఎలాగ?

నాటు కట్టు వద్దు. కదలకుండా కట్టేస్తే ఉన్న కండ కూడా పోతుంది.

కబడ్డీ కూత (గజపతినగరం)

మాస్టారు చెప్పింది నిజమన్నా. నాది ఏసీఎల్, విశాఖలో ఆపరేషనయింది. తొమ్మిది నెలలకి ముందు మ్యాట్ ఎక్కనివ్వలేదు మా ఫిజియో. అప్పుడు కూడా తేదీ చూసి కాదు, ఒంటికాలి గెంతు కొలిచి. బాగున్న కాలు గెంతిన దూరంలో నూటికి తొంభై వంతులు రెండోది గెంతితేనే ఆట. నీకూ అదే కొలత పెట్టుకో.

మొదట డబుల్స్ ఆడు, సింగిల్స్ తర్వాత. రన్నింగ్ షూతో షటిల్ వద్దు. మడమ ఎత్తుగా ఉంటుంది, పక్కకి కదిలితే పాదం మడతపడుతుంది. గమ్ సోల్ ఉన్న కోర్టు షూ కొనుక్కో. మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది గాని అది కండ చేసే పని చేయదు.

ఉద్దానం సిస్టర్ (కవిటి)

అన్నయ్యా, మీరు రాయలేదు గాని అడుగుతున్నాను. ఆటకి ముందు నొప్పి మాత్రలు వేసుకుంటున్నారా? మా వైపు ఆడేవాళ్లు చాలామంది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ జేబులో పెట్టుకునే వస్తారు. నాకు చూస్తేనే గుండె గుభేలుమంటుంది. ఆ మాత్రలు కిడ్నీలకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమట కారి, నీళ్లు తాగకుండా ఉన్నప్పుడు ఆ హాని ఇంకా ఎక్కువ. కిడ్నీ జబ్బుతో మా పల్లెలు ఎంత నలిగాయో మీకు తెలుసు. బస్సులో ఎండకి తిరిగి, సరిగా నీళ్లు తాగకుండా వచ్చి మాత్ర వేసుకుని ఆడితే చాలా ప్రమాదం. పైగా నొప్పి తెలియక ఆపాల్సిన చోట ఆపరు. డాక్టరు రాసిస్తే రాసినన్నాళ్లే వాడండి, ఒకసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. వాపుకి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి చాలు.

కాలు చాపబోతే మధ్యలో ఇరుక్కుపోయినా, నడుస్తుంటే పట్టు తప్పినా, దెబ్బ తగిలిన గంట రెండు గంటల్లోనే వాచినా, జ్వరంతో మోకాలు ఎర్రబడినా వ్యాయామం ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాగావళి గట్టు

మాస్టారూ, కొలిచాను. ఎడమ తొడ రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంది! మా ఆవిడ చేత మళ్లీ కొలిపించాను, అంతే. సిస్టర్‌గారూ, మాత్రలు అప్పుడప్పుడు వేసుకునేవాణ్ణి, ఇక ముట్టను. రేపే రక్తపరీక్షకి వెళ్తాను. ఒక్క సందేహం, డ్యూటీలో ఎనిమిది గంటలు నిలబడే ఉంటాను. వ్యాయామం రోజున అది ఎక్కువవుతుందా?

రిటైర్డ్ పీఈటీ (బొబ్బిలి)

నిలబడటం వల్ల కండ పెరగదు, మోకాలు మాత్రం అలుస్తుంది. అందుకని వ్యాయామం వీక్లీ ఆఫ్ రోజునా, డ్యూటీ ఎక్కకముందు పొద్దున్నా పెట్టుకో, రాత్రి దిగాక వద్దు. బస్సు కాంప్లెక్సులో ఆగినప్పుడల్లా కాసేపు కూర్చో. నెల తర్వాత మళ్లీ టేపు పెట్టి, ఎంతొచ్చిందో ఇక్కడ రాయి.