అప్‌డేట్: పదో తరగతి పరీక్షలు అయిపోయాయి

లెక్కల పరీక్ష తలచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి, ఏమి చేయమంటారని అడిగాను కదా. వచ్చినవి ముందు రాసేయమన్న మీ సలహా పనిచేసింది. ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చిన 15 నిమిషాల్లోనే సంభావ్యత, త్రికోణమితి ప్రశ్నలు ఏరిపెట్టుకున్నాను. చివర్లో గ్రాఫు కాగితాన్ని దారంతో కట్టబోతే ముడి పడలేదు. ఇన్విజిలేటర్ గారే కట్టారు.

దెబ్బకొట్టింది సాంఘికం. ధీమాగా వెళ్లి, భారతదేశ పటంలో నర్మదను తీసుకెళ్లి గోదావరి ఉన్నచోట గుర్తించి వచ్చాను! హిందీలో 20 వస్తే గట్టెక్కినట్లే కాబట్టి దాని గురించి బెంగ లేదు. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు రోజుల్లో పెట్టడం నయమైంది.

నిన్న అమ్మ నా గైడ్లన్నీ కట్టకట్టి పక్కింటి తమ్ముడికి ఇచ్చేసింది, ఫలితాలు రాకుండానే.