సమస్యాపూరణం: ఆవగింజ లేక చావు దెలిసె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య "ఆవగింజ లేక చావు దెలిసె". ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. ఆవ–చావు ప్రాసయతి (రెండో అక్షరాలు వ–వు కలిశాయి). బుద్ధుడి కథల్లోంచే పూరించాలి.

మల్లెపందిరి:
చచ్చె పసిడి కొడుకు, శ్రావస్తి వీధుల
ఇంట నింట దిరిగి యెంత వెదక
గుప్పెడందకున్న కుమిలెను గౌతమి
ఆవగింజ లేక చావు దెలిసె

నిర్వాహకుడు: నడక బాగుందమ్మా, యతులూ సరిపోయాయి. కానీ కథ తప్పింది. ఆవాలు లేని వంటిల్లు ఉంటుందా? శ్రావస్తిలో ప్రతి ఇల్లాలూ డబ్బా తీసి గుప్పెడు పట్టుకొచ్చింది. "మీ ఇంట్లో ఎప్పుడైనా ఎవరైనా పోయారా?" అని కిసా గోతమి (మీ పద్యంలో గౌతమి) అడిగాకే ఆ గుప్పెడు పనికిరాకుండా పోయింది. కొడుకును బతికించమని వేడుకుంటే, చావు ఎరగని ఇంటి ఆవాలే తెమ్మన్నాడు కదా బుద్ధుడు! ఆ షరతు లేకపోతే కథే లేదు. ఇంకోటి, పసివాడి విషయంలో "చచ్చె" అని మనం అనం. వినగానే మనసు చివుక్కుమంది.

పాతపలక:
ఇంట నింట నావ లిత్తు రందరు, చావు
లేని యింటి గింజ లేదు లేదు
పుత్రు నడవి నుంచి బుద్ధుని జేరగ
ఆవగింజ లేక చావు దెలిసె

నిర్వాహకుడు: "లేదు లేదు" దగ్గర ఆమె గడప దిగి వచ్చేయడం కనిపించింది తమ్ముడూ. మీరు రాసింది "అడవిలో ఉంచి" అని. చదివితే మాత్రం "అడవిలోంచి" అని వినబడుతోంది. "నడవి దించి" అనండి, గణం చెడదు.

కృష్ణాతీరం: గురువుగారూ, నేను గౌతమి జోలికి పోలేదు.
కపిలవస్తు కోట గారాల కొమరుండు
బాధ యెరుగకుండ బైట నడచి
శవము జూచె, గుండె సంతస మన్నదే
ఆవగింజ లేక చావు దెలిసె

నిర్వాహకుడు: ఆవగింజను కొలత చేశారు, కొత్తగా ఉంది. అన్వయానికి "ఆవగింజంతైనా" అని మనమే కలుపుకోవాలి, అదొక్కటే ఇబ్బంది. సంస్కృతంలో తెల్ల ఆవాలను సిద్ధార్థకం అంటారు. మీ కొమరుడి పేరూ సిద్ధార్థుడే కదా, ఆ శ్లేష మీ చేతికందేంత దూరంలోనే ఉంది, ప్రయత్నించండి. పద్యం శవం దగ్గరే ఆగడం నాకు వెలితి. ఆయన ఆ తర్వాత సన్యాసిని చూశాడు, 29వ ఏట ఇల్లు విడిచాడు, 35వ ఏట బోధి చెట్టు కింద జ్ఞానం పొందాడు. దుఃఖం ఉందన్నది నాలుగు సత్యాల్లో మొదటిది మాత్రమే. దానికి కారణం తృష్ణ అనీ, అది పోతే దుఃఖం పోతుందనీ, అందుకు అష్టాంగ మార్గం ఉందనీ కూడా చెప్పాడు. గోతమి కూడా ఏడుస్తూ కూర్చోలేదు, భిక్షుణి అయింది. ఆమె గాథలు బౌద్ధ భిక్షుణుల పద్యాల సంపుటి థేరీగాథలో ఉన్నాయి.

మల్లెపందిరి: మార్చి రాశానండీ.
కన్నుమూసె కొడుకు; గడపగడప దట్టె;
చావు లేని కొంప జాడ లేదు
గుప్పెడందకున్న కుమిలెడు తల్లికి
ఆవగింజ లేక చావు దెలిసె

నిర్వాహకుడు: ఇప్పుడు గుప్పెడు ఎందుకు అందలేదో రెండో పాదమే చెబుతోంది. "కొంప" గ్రామ్యమని ఎవరైనా అన్నా మార్చకండమ్మా.